డ్రూపల్ ఫీల్డ్‌కి పెట్టిన సొంత ఆప్షన్ సేవ్ అవుతోంది, ఫారంలో మాత్రం రావడం లేదు

అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో మా కాలనీ లైబ్రరీకి డ్రూపల్ 10 (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)తో సైట్ చేస్తున్నాను. పుస్తకం పేరు రాసే ఫీల్డ్‌కి ‘అక్షరాల పరిమితి’ అనే ఆప్షన్ కావాలి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే, యూనికోడ్ లెక్కలో 6. మామూలు పరిమితి పెడితే తెలుగు పేర్లు సగంలోనే ఆగిపోతున్నాయి, చూస్తే బాధేస్తోంది.

థర్డ్ పార్టీ సెట్టింగ్స్ హుక్‌తో (ఫీల్డ్‌కి మన సొంత ఆప్షన్ చేర్చే పద్ధతి) చిన్న మాడ్యూల్ రాశాను. మేనేజ్ ఫారం డిస్‌ప్లేలో గేర్ గుర్తు నొక్కితే నా గడి కనిపిస్తోంది. 40 ఇచ్చాను, సేవ్ అయింది. తీరా పుస్తకం చేర్చే ఫారం తెరిస్తే ఆల్టర్ హుక్‌లో (ఫారం చూపించే ముందు దాన్ని మార్చే కోడ్‌లో) ఆ విలువ ఖాళీగా వస్తోంది. క్యాష్ కూడా క్లియర్ చేశాను.

విడ్జెట్‌ని (ఫారంలో ఆ ఫీల్డ్‌ని చూపించే భాగాన్ని) మామూలు గెట్ సెట్టింగ్ మెథడ్‌తోనే అడుగుతున్నాను. థర్డ్ పార్టీ వాటికి వేరే మెథడ్ వాడాలా? స్కీమా ఫైల్ (సెట్టింగ్ ఏ రకం విలువో చెప్పేది) ఇంకా రాయలేదు, దానివల్ల కూడా ఇలా అవుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.