రోమా 7లో "దౌర్భాగ్యుడు" ఎవరు? రక్షణ పొందినవాడా, పొందనివాడా?

తెనాలి యువజన

అందరికీ వందనాలు. వాక్యం తెరిచి మాట్లాడేవాళ్ల కోసం ఒక ప్రశ్న పెడుతున్నాను. అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" (7:24) అని, నన్ను ఎవరు విడిపిస్తారని కేకవేసే ఆ "నేను" ఎవరు?

ఈమధ్య మా ప్రాంతంలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. చివరి రాత్రి ప్రసంగీకుడు రోమా 7, 8 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చెప్పిందిదీ: "చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" (7:19) అని ఏడ్చేవాడికి ఇంకా రక్షణ రాలేదు, ఆత్మ ఉన్నవాడు ఎనిమిదో అధ్యాయంలో ఉంటాడు, అక్కడ పోరాటమే ఉండదు. మా యూత్‌లో ఒక తమ్ముడు తాగుడు మానుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. పండగకి పాత స్నేహితులతో కూర్చుని మళ్లీ తాగాడు, తెల్లారి కుమిలిపోయాడు. ఈ ప్రసంగం విన్నాక "నాకు రక్షణే లేదట గదా అన్నా, ఇంక చర్చికి దేనికి" అంటున్నాడు.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఏడో అధ్యాయంలో మాట్లాడుతున్నది రక్షణ పొందిన పౌలే. 7 నుంచి 13 దాకా గడిచిపోయిన సంగతిగా చెప్పుకొచ్చినవాడు 14వ వచనం నుంచి "ఉన్నాను, చేయుచున్నాను" అంటాడు. 22లో "అంతరంగపురుషునిబట్టి దేవుని ధర్మశాస్త్రమునందు నేను ఆనందించుచున్నాను" అంటాడు. 8:7 ప్రకారం శరీరానుసారమైన మనస్సు ఆ ధర్మశాస్త్రానికి, అంటే దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞలకు, లోబడనే లోబడదు. మరి ఆ ఆనందం రక్షణ లేనివాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? అన్నిటికంటే 25వ వచనం చూడండి. యేసుక్రీస్తు ద్వారా దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెప్పేశాక, ఆ వెంటనే, "శరీర విషయములో పాపనియమమునకు దాసుడనై యున్నాను" అంటున్నాడు. విడిపించేవాడెవరో తెలిసిన తర్వాత అన్న మాట అది.

మెదక్ సిస్టర్

బ్రదర్, ఆ తమ్ముడి సంగతి చదివి బాధేసింది. అయినా ఏడో అధ్యాయం విషయంలో మీతో ఒప్పుకోలేను. మాది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కాకముందు వెస్లియన్ మిషన్ సంఘం, అంటే జాన్ వెస్లీ బోధను అనుసరించే మెథడిస్టు సంఘం. ఆ మాటలు రక్షణకు ముందున్న మనిషివని తాతల కాలం నుంచి విన్నాను. అలా విన్నానని కాదు, వచనాలే అటు లాగుతున్నాయి.

7:5, 7:6 రెండూ కలిపి చదవండి. ఐదులో "మనము శరీరసంబంధులమై యుండగా" పాపేచ్ఛలు మరణానికి ఫలం కన్నాయి అంటాడు. ఆరులో "ఇప్పుడైతే" విడుదల పొంది ఆత్మానుసారమైన నవీనస్థితిలో సేవ చేస్తున్నాం అంటాడు. ఐదో వచనంలో ఒక్క ముక్కలో చెప్పిందాన్ని 7 నుంచి 25 దాకా విప్పాడు. ఆరో వచనంలో చెప్పిందాన్ని ఎనిమిదో అధ్యాయమంతా విప్పాడు. అందుకే 7:7 నుంచి 25 దాకా పరిశుద్ధాత్మ పేరు ఒక్కసారి కూడా రాదు. ఎనిమిదిలోకి అడుగు పెట్టగానే దాదాపు ఇరవై సార్లు వస్తుంది. ఇది యాదృచ్ఛికం అనుకోను.

ఇంకొకటి. 7:14లో మనిషి "పాపమునకు అమ్మబడి" ఉన్నాడు. 6:18లో విశ్వాసి "పాపమునుండి విమోచింపబడి" ఉన్నాడు. 8:2లో ఆత్మ నియమం "నన్ను విడిపించెను". ఒకే మనిషి ఒకే సమయంలో అమ్ముడుపోయి, విడుదలై ఎలా ఉంటాడు? మీరు చూపించిన 25వ వచనం చివరి భాగం కొత్త సంగతేమీ కాదు. మధ్యలో ఉప్పొంగి స్తుతి చేసి, అప్పటిదాకా చెప్పిందాన్ని మూటగట్టి ఎనిమిదికి వెళ్లాడు.

అయితే ఆ ప్రసంగీకుడు దీన్నుంచి తేల్చినది మాత్రం వాక్యంలో లేదు. ఎనిమిదో అధ్యాయంలో పోరాటం ఉండదని ఎవరన్నారు? 8:12లో "సహోదరులారా" అని పిలిచి, 13లో "ఆత్మచేత శారీర క్రియలను చంపినయెడల జీవించెదరు" అన్నాడు. చంపడానికి ఏమీ మిగలని వాళ్లకు ఆ మాట దేనికి? 8:23లో ఆత్మ ప్రథమఫలాలు పొందినవాళ్లు కూడా మూలుగుతున్నారు. ఏడో అధ్యాయాన్ని ఆయన చదివినట్టే నేనూ చదువుతాను. మీ తమ్ముడికి రక్షణ లేదని మాత్రం నా నోట రాదు.

పాత పుస్తకాల మనిషి

ఈ వాదం మనతో మొదలైంది కాదు. నాలుగో శతాబ్దం చివర్లో పేరున్న ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తము ఈ మాటల్ని కృపకు ముందున్న మనిషి మాటలుగానే చదివాడు. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను కూడా 390లలో అలాగే రాశాడు. తర్వాత పెలాగియసుతో వాదం ముదిరింది. మనిషి తన ప్రయత్నంతోనే దేవుని ఆజ్ఞలన్నీ నెరవేర్చగలడన్నది పెలాగియసు ధోరణి. ఆ వాదంలో అగస్టీను మళ్లీ 22వ వచనం దగ్గర ఆగాడు: కృప తాకని హృదయం లోలోపల దేవుని ధర్మశాస్త్రాన్ని చూసి సంతోషించగలదా? సంతోషించలేదు గనక ఇది పౌలు మాటే, కృపలో ఉన్నవాడి మాటే అన్న నిర్ణయానికి వచ్చాడు. 427 ప్రాంతంలో తన పాత రచనలన్నీ తిరగేసినప్పుడు ఈ మార్పును రాసిపెట్టాడు కూడా.

జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు 1515-16లో విట్టెన్‌బర్గులో రోమా పత్రిక మీద పాఠాలు చెబుతూ అగస్టీను వెంట నడిచాడు. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్న ఆయన బోధకు ఈ అధ్యాయం ఒక మూలస్తంభం. జెనీవా సంస్కర్త కాల్విన్ బోధను అనుసరించే సంఘాలూ ఆ దారే పట్టాయి. 1590ల మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాస్టరుగా ఉన్న ఆర్మీనియస్, కాదు, ఇది ఇంకా తిరిగి జన్మించని మనిషి గురించి అని ప్రసంగించి తోటి పాస్టర్లతో పెద్ద వివాదంలో పడ్డాడు. సిస్టర్ గారి వెస్లీ కూడా ఆర్మీనియస్ వైపే. ఇక్కడ నన్ను కదిలించే విషయం ఒకటుంది. 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో వెస్లీకి క్రీస్తు మీద నిజమైన నమ్మకం కుదిరింది. ఆ సమయంలో అక్కడ ఎవరో చదువుతున్నది రోమా పత్రికకు లూథరు రాసిన ముందుమాట. ఏడో అధ్యాయాన్ని తాను చదివిన తీరుకు ఎదురుగా చదివినవాడి మాటల్లోంచే దేవుడు ఆయనతో మాట్లాడాడు.

ఈ మధ్య కాలపు పండితుల్లో కుమ్మెల్ 1929లో ఇక్కడి "నేను" పౌలు స్వీయచరిత్రే కాదన్నాడు. స్టెండాల్ 1963లో ఇంకో అడుగు వేశాడు: ఈ అధ్యాయం అసలు ఉద్దేశం "ధర్మశాస్త్రము పాపమాయెనా?" అన్న 7:7 ప్రశ్నకు జవాబు, మనసాక్షి వేదనను వర్ణించడం కాదు. ఫిలిప్పీ 3:6లో తాను ధర్మశాస్త్రం విషయంలో "అనింద్యుడను" అన్న పౌలు లోలోపల నలిగిపోయినవాడిలా కనిపించడు అని ఆయన వాదం. ఏ ఒక్క చదువునైనా రక్షణకు కొలబద్దగా వాడేముందు ఇంతమంది దైవజనులు ఎటెటు నిలబడ్డారో ఆ ప్రసంగీకుడు ఒకసారి చూడాల్సింది.

జయజీవితం

బ్రదర్స్, సిస్టర్స్, ఇంత చదువుతుంటే భయమేస్తోంది. మీరందరూ కలిసి పాపానికి ఒక కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు.

మా నాన్న రోజూ తాగి వచ్చి అమ్మను కొట్టేవాడు. ప్రభువును అంగీకరించిన రోజు నుంచి చుక్క ముట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. మా ఇంట్లో జరిగిన అద్భుతం అది. దాన్ని నేను తక్కువ చేసి చెప్పలేను. మరోవైపు ఏం చూశానో కూడా చెప్పాలి. సంఘ పెద్ద అనిపించుకున్న ఒకాయన భార్యను కొట్టి, అడిగితే "పౌలంతటివాడే దౌర్భాగ్యుడను అన్నాడు, నేనెంత" అన్నాడు. ఏడో అధ్యాయం విశ్వాసి మామూలు జీవితమని నేర్పిస్తే ఇలాంటివాళ్లకు అడ్డు చెప్పేదెవరు? "పాపము మీమీద ప్రభుత్వము చేయదు" (6:14) అన్నది దేవుని వాగ్దానం. ఆ ప్రసంగీకుడి మాట కఠినంగా ఉండొచ్చు, మెత్తని మాటలతో ఎంతమంది నరకానికి పోతున్నారో కూడా ఆలోచించండి.

తెనాలి యువజన

అన్నా, మీ నాన్నగారి సాక్ష్యానికి దేవునికి స్తోత్రం. ఆ పెద్ద విషయంలో మీ కోపం న్యాయమైంది. కానీ ఆయన పౌలు మాట వాడుకున్నాడు గానీ పౌలు ఏడుపు ఏడవలేదు. ఏడో అధ్యాయం మనిషి తను చేసినదాన్ని ద్వేషిస్తున్నాడు (7:15). మీ పెద్ద దాన్ని సమర్థించుకుంటున్నాడు. ఆయన ఏడులోనూ లేడు, ఎనిమిదిలోనూ లేడు.

పోరాటం లేకపోవడమే ఆత్మ ఉన్నదానికి గుర్తయితే గలతీ 5:17 ఏం చేద్దాం? "శరీరము ఆత్మకును ఆత్మ శరీరమునకును విరోధముగా అపేక్షించును." ఆత్మ లేనివాడిలో ఈ యుద్ధం ఎవరికీ ఎవరికీ మధ్య? ఎదిరించే ఆత్మ ఉంటేనే గదా విరోధం. మా తమ్ముడు రెండేళ్ల కిందటిదాకా తాగేవాడు, ఒక్కనాడూ ఏడవలేదు.

షార్జా ప్రార్థన గుంపు

నేను కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు మా ప్రార్థన గుంపులో "ఏడులోంచి ఎనిమిదిలోకి దాటు" అన్నదే నినాదం. సమర్పణ పూర్తి కాలేదు గనకే ఓడిపోతున్నావు అనేవారు. ఉపవాసం ఉండి మళ్లీ సమర్పించుకునేవాళ్లం, మళ్లీ పడేవాళ్లం, సమర్పణ సరిగా లేదని మళ్లీ మొదలు. తర్వాత తెలిసింది, ఇంగ్లండులో కెస్విక్ అనే ఊళ్లో 1875లో మొదలైన వార్షిక కూటాల ద్వారా ఈ రకం బోధ ప్రపంచమంతా వ్యాపించిందని. అందులో మేలు లేదనను. మిషనరీలుగా వెళ్లినవాళ్లెందరో ఆ కూటాల్లో తీర్మానించుకున్నవాళ్లే. అయితే తర్వాత వేదాంతిగా పేరు పొందిన జె.ఐ. ప్యాకర్ 1940లలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఇదే బోధ కింద నలిగిపోయాడు. ఆయన్ని ఒడ్డుకు చేర్చింది ఇంగ్లండు ప్యూరిటన్ (సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న ఉద్యమం) బోధకుడు జాన్ ఓవెన్ 1656లో రోమా 8:13 మీద ప్రచురించిన పుస్తకం. పాపాన్ని చంపడం విశ్వాసి బతికున్నంతకాలం రోజూ చేసే పని, ఒక రాత్రి కూటంలో ముగిసేది కాదు అని ఓవెన్ వాదన. 1955లో ప్యాకర్ కెస్విక్ బోధను గట్టిగా విమర్శిస్తూ వ్యాసం రాశాడు.

జయజీవితం అన్నా, మీ నాన్నగారికి ఒక్కరోజులో తాగుడు పోయింది. కోపం, మాట పట్టింపు, డబ్బు మీద ఆశ కూడా ఆ ఒక్కరోజే పోయాయా? వాదన కోసం అడగటం లేదు. మా నాన్నకూ సిగరెట్టు ఒక్కరోజులో పోయింది, నోటి దురుసు పోవడానికి ముసలితనం దాకా పట్టింది.

నల్గొండ టీచర్

మీరంతా తాగుడు దగ్గరే తిరుగుతున్నారు. గలతీ 5:19-21లో శరీరకార్యాల జాబితా తెరవండి. పేర్లతో చెప్పినవి పదిహేను. అందులో మత్తు ఒకటి, కామానికి సంబంధించినవి మూడు. ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు, ఇవి ఎనిమిది. సగానికి పైగా సంఘం లోపల మనుషులు ఒకరినొకరు చేసుకునేవే. ఆ జాబితాకు కాస్త ముందు 5:15లో "ఒకనినొకడు కరచుకొని భక్షించినయెడల" అని హెచ్చరించి మరీ ఆత్మానుసారముగా నడుచుకోమన్నాడు. ఆత్మ ఫలంలోనూ ప్రేమ, దీర్ఘశాంతము, దయాళుత్వము అన్నీ ఎదుటి మనిషి ఉంటేనే పండేవి.

మన సంఘాల్లో ఏం జరుగుతోంది? తాగి పడ్డ కుర్రాడికి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఆపుతాం. కమిటీ ఎన్నికల కోసం సంఘాన్ని రెండుగా చీల్చి కోర్టు కెక్కిన పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని బల్ల తీసుకుంటాడు. పిల్లకి సంబంధం అనగానే విశ్వాసం కన్నా ముందు కులం అడుగుతాం. దాన్ని శరీరకార్యం అని ఏ కూటంలోనూ ఎవరూ పిలవరు. "మీలో అసూయయు కలహమును ఉండగా మీరు శరీరసంబంధులై" నడుచుకోవడం లేదా అని 1 కొరింథీ 3:3లో పౌలు అడిగింది తాగుబోతుల్ని కాదు, నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అని పార్టీలు కట్టినవాళ్లని. అదే అధ్యాయంలో వాళ్లని "క్రీస్తునందు పసిబిడ్డలు" అన్నాడు. క్రీస్తులో ఉన్నారు, శరీరసంబంధులుగానూ ఉన్నారు. మెదక్ సిస్టర్ గారు దీనికి ఏమంటారో వినాలని ఉంది.

మెదక్ సిస్టర్

టీచర్ గారూ, కులం మాట ఎత్తినందుకు మీకు వందనాలు. అది మా సంఘంలోనూ ఉంది. కొరింథీ వచనం బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పౌలు వాళ్లను గద్దిస్తున్నాడు, మీరు ఇలా ఉండకూడదు అంటున్నాడు. రోమా 7:14లో మనిషి ఇంకోలా ఉండలేడు. ఒకరు లేవగలిగీ కూర్చున్నవాళ్లు, మరొకరు బంధించబడ్డవాడు.

జయజీవితం బ్రదర్ అడిగిన "అడ్డు చెప్పేదెవరు" అన్న ప్రశ్నకు 8:13 నాకు చాలు. చంపేది మనమే, చంపేది ఆత్మచేతే. ఆ పెద్దను అడగాల్సింది రక్షణ తేదీ కాదు. ఈ పాపాన్ని చంపుతున్నావా, పెంచుతున్నావా అని అడగాలి. ఆ తమ్ముణ్ణీ అదే అడగండి. కన్నీళ్లతో వదిలేయక, పండగ రోజు ఎవరి పక్కన కూర్చుంటావో కూడా అడగండి. మానలేకపోతుంటే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. వైద్యం తీసుకోవడం ఆత్మను కాదనడం కాదు. యాకోబు 5:16 ప్రకారం పాపాలు ఒప్పుకోవడానికి నమ్మకమైన ఇద్దరు మనుషుల్ని చూపించండి.

జయజీవితం

8:13 విషయంలో సిస్టర్ గారితో నాకు పేచీ లేదు. ఆత్మచేత చంపాలి, నేను చెప్పేదీ అదే. నాకు జవాబు దొరకనిది "అమ్మబడి" అన్న మాట దగ్గర. యువజన తమ్ముడూ, మీరు 22, 25 వచనాలు చూపించారు గానీ 14ని దాటేశారు. క్రీస్తు రక్తమిచ్చి కొన్నవాడు పాపానికి అమ్ముడుపోయి ఉన్నాడని మీరెలా చెబుతారు?

తెనాలి యువజన

దాటేయలేదన్నా, ఇదిగో. 1 రాజులు 21:20లో ఏలీయా అహాబుతో "కీడు చేయుటకై నిన్ను నీవే అమ్ముకొంటివి" అన్న అర్థంలో మాట్లాడతాడు. అహాబు ఇష్టపడి అమ్ముకున్నాడు. రోమా 7 మనిషి తనను తాను అమ్ముకోలేదు, "అమ్మబడి" ఉన్నానంటున్నాడు, ఆ అమ్మకాన్ని అసహ్యించుకుంటున్నాడు, విడిపించేవాడి కోసం కేకవేస్తున్నాడు. 8:23లో "దేహముయొక్క విమోచనముకొరకు" కనిపెడుతున్నాం అన్నాడు గదా. విమోచన కార్యం సిలువ మీద పూర్తయింది, మన దేహంలో ఇంకా పూర్తి కాలేదు. ఆ మధ్యకాలపు కేకే 7:24 అని నా నమ్మకం.

మెదక్ సిస్టర్

అహాబు పోలిక బాగుంది బ్రదర్. కానీ 6:17 చూడండి, "మీరు పాపమునకు దాసులై యుంటిరి" అని గడిచిపోయిన సంగతిగా చెప్పాడు. దానికి మీ జవాబు రాయండి, రేపు మా బైబిలు స్టడీలో మీ వాదం కూడా చదివి వినిపిస్తాను.