పీచ్ కాబ్లర్: పండు ఉడుకుతుందా, కాలుతుందా, మగ్గుతుందా?

హన్మకొండ కోడలు:
అందరికీ నమస్తే. ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి. అట్లాంటాలో ఉండే మా ఆడబిడ్డ పీచ్ కాబ్లర్ (పీచ్ పండు, పిండితో ఓవెన్‌లో చేసే తీపి వంటకం) ఎలా చేయాలో వాయిస్ మెసేజ్‌లో చెప్పింది. దాన్ని మా అత్తమ్మకు కాగితం మీద రాసివ్వాలి. ఫోన్ చూస్తూ వండడం ఆమెకు అస్సలు నచ్చదు. ఇంతవరకు రాశాను:

"100 గ్రాముల వెన్న గిన్నెలోనే కరిగించాలి. ఇంకో గిన్నెలో కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కప్పు పాలు వేసి ఉండలు లేకుండా కలపాలి. ఆ జారుపిండిని కరిగిన వెన్న మీద పోయాలి. కలపొద్దు. డబ్బా పీచ్ ముక్కల పాకం వంపేసి, ముక్కలను పిండి మీద పరచాలి. ఇప్పుడు కూడా కలపొద్దు. పైన కాస్త దాల్చినచెక్క పొడి చల్లాలి. 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు..."

ఇక్కడ ఆగాను. ఆడబిడ్డ "బేక్ చెయ్యి" అంది. "కాల్చాలి" అని రాస్తే అత్తమ్మ పెనం తీస్తుంది. "ఉడికించాలి" అంటే నీళ్లు పోస్తుంది. ఏం రాయమంటారు?

గుంటూరు అల్లుడు:
"బేక్ చేయాలి" అనే రాయండి. బస్సు, రైలు, కుక్కర్ అన్నీ వచ్చాక బేక్ ఒక్కటే బరువైందా? కాజీపేటలో అత్తగారింట్లో నేను "పంచదార" అన్న ప్రతిసారీ "చక్కెర అనవయ్యా" అని దిద్దుతారు. వాళ్లు కూడా కేకు మాత్రం బేకే చేస్తారు.

హన్మకొండ కోడలు:
బేక్ అనడానికి అభ్యంతరం లేదండీ, అత్తమ్మకూ తెలిసిన మాటే. కాకపోతే ఆమెకు అది బేకరీలో జరిగే పని. గిన్నెలో ఏం జరుగుతోందో, ఎప్పుడు దించాలో ఆ మాట ఆమెకు చెప్పదు. వంట రాసేటప్పుడు కావలసింది అదే కదా.

పదాల సంచి:
క్రియ సంగతి తర్వాత, ముందు పండు పేరు చూడండి. "పీచు" అని ఉకారంతో రాయకండమ్మా. పీచు మామిడి, పీచు మిఠాయి, డాక్టర్లు తినమనే పీచు పదార్థం... మనకు పీచు అంటే నారే. కాగితం మీద "పీచు ముక్కలు" అని కనిపిస్తే మీ అత్తమ్మ కొబ్బరిబోండం వైపు చూసినా చూస్తుంది. "పీచ్" అని పొల్లుతో ఆపేయండి. హిందీవాళ్లు ఆడూ అంటారు. హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు పండుతుంది. శాస్త్రీయ నామం ప్రూనస్ పెర్సికా. పర్షియా పండు అనుకుని ఆ పేరు పెట్టారు గానీ అసలు పుట్టిల్లు చైనా.

గంజుగంటె:
చెల్లె, "మగ్గనివ్వాలి" అని రాయి. మీ అత్తమ్మకు ఇంకేం చెప్పే పని ఉండదు.

వంకాయ ముక్కలు నూనెలో వేసి మూత పెట్టాక మనం ఏమంటాం? "సన్న మంట మీద మగ్గనియ్యి" అంటాం. నీళ్లు పోయకు, దాని నీళ్లతోనే దాన్ని మెత్తబడనీ, ఊరికే మూత తీసి చూడకు, మంట పెంచకు... ఇవన్నీ ఆ ఒక్క మాటలోనే వచ్చేస్తాయి. పప్పు ఉడుకుతుంది, గుడ్డు ఉడుకుతుంది, వాటికి నీళ్లు కావాలి. బీరకాయకు చుక్క నీళ్లు అక్కర్లేదు, అది మగ్గుతుంది. వంట నేర్పేటప్పుడు మా అమ్మ గ్రాములు, నిమిషాలు ఎప్పుడూ చెప్పలేదు, ఈ క్రియలే చెప్పేది. వేగాలె, మగ్గాలె, దగ్గర పడాలె. దాంతోనే వచ్చేసింది.

ఇంకో సంగతి. కాయ పండడానికి కూడా ఇదే మాట. అరటిగెలను గదిలో పెట్టి మూసేస్తే మగ్గుతుంది. మామిడికాయలు గడ్డిలో వేస్తే మగ్గుతాయి. మా నర్సంపేట దిక్కు "మక్కవెట్టినం" అంటరు. గడ్డిలో అయినా గిన్నెలో అయినా మూసిన వెచ్చదనంలో తన రసంతో తాను మెత్తబడడమే. పండుతో చేసే వంటకు ఇంతకన్నా సొంత మాట ఏముంటుంది?

కరీంనగర్ సారు:
మాట బాగుంది. కానీ కాబ్లర్‌కు మూత ఉండదు కదమ్మా. తెరిచిన గిన్నెనే ఓవెన్‌లో పెడతారు. పైన పిండి ఎర్రగా రావాలి. మీరు మగ్గనివ్వమంటే ఆ పెద్దమ్మ మూత బోర్లిస్తుంది, ఆవిరి చుక్కలు పడి పైన పిండి చిత్తడి అవుతుంది. రొట్టె కాలుతుంది, సర్వపిండి కాలుతుంది. ఇదీ కాలాలి. నా ఓటు "కాల్చాలి"కే.

గంజుగంటె:
సారు, మూత ఉంది. పిండే దాని మూత.

కింద పిండి, మీద పండు పెడుతున్నాం కదా. బేకింగ్ పౌడర్ పాలు తగలగానే కొంత గ్యాస్ వదులుతుంది, వేడి తగిలాక ఇంకా వదులుతుంది. పిండి పొంగుతుంది. ముక్కలు బరువుకు లోపలికి దిగుతాయి. పిండి వాటి సందుల్లోంచి పైకొచ్చి కప్పేస్తుంది. ఓవెన్ అద్దంలోంచి చూస్తే ఇరవై నిమిషాలకు పచ్చటి ముక్కలు ఒక్కొక్కటే మునుగుతూ కనిపిస్తాయి, చివరికి అక్కడక్కడ అంచులు మాత్రమే తేలి ఉంటాయి. పైకొచ్చిన పిండి కాలుతుంది, దాని కింద పండు మగ్గుతుంది. అడుగున ఉన్న వెన్న పక్కల నుంచి ఎగబాకి అంచులను వేయిస్తుంది. కలపొద్దని రెండుసార్లు చెప్పింది ఇందుకే. కలిపితే వెన్న పిండిలో ఇంకిపోయి కేకులా వస్తుంది, ఆ కరకర రాదు.

కరీంనగర్ సారు:
పిండే మూత అన్న సంగతి నాకు తట్టలేదు. అయితే రెండు క్రియలూ ఉండాలి. మీది ఒక్కటే రాస్తే పైన పచ్చిగా ఉండగానే దించేస్తారు. నాది ఒక్కటే రాస్తే పైన ఎర్రబడగానే దించేస్తారు, లోపల పండు గట్టిగానే ఉంటుంది.

హన్మకొండ కోడలు:
ఇలా రాశాను, చూడండి: "పైన పిండి ఎర్రగా కాలి, లోపల పండు మగ్గేదాకా ఉంచాలి, 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది."

పదాల సంచి:
బాగుంది. దీన్ని తిరిగి ఇంగ్లీషులో పెట్టమంటే మీ ఆడబిడ్డ తల పట్టుకుంటుంది. డబ్బా పండు గనక మూడో క్రియ కూడా ఉంది, "ఊరిన". పాకంలో ఊరిన పండు, పిండి కింద మగ్గిన పండు. ఊరగాయలో ఉన్నది ఈ ఊరడమే.

గుంటూరు అల్లుడు:
ఏమో, నాకు మగ్గడం అనగానే పేపర్లో "జైల్లో మగ్గుతున్న ఖైదీలు" గుర్తొస్తారు. స్వీటు కాగితం మీద ఆ మాట చూస్తే ఆకలి చస్తుంది.

పదాల సంచి:
అదీ మూసిన చోట మెత్తబడడం నుంచి వచ్చిన వాడుకే అనిపిస్తుంది. పేపర్లు ఆ ఒక్క అర్థాన్నే అరగదీశాయి గానీ, వంటింట్లో ఎవరూ ఖైదీలను తలుచుకోరు.

హన్మకొండ కోడలు:
మరి "కాబ్లర్" సంగతి? చెప్పులు కుట్టే పనికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

పదాల సంచి:
ఖాయంగా తేలలేదు. ఈ వంటకానికి ఆ పేరు అమెరికాలో 1859 నుంచి కనిపిస్తుంది. వలస వెళ్లినవాళ్లు సరైన ఓవెన్లు లేక, ఉన్న పండుతో ఉన్న పిండితో ఒకే పాత్రలో కానిచ్చుకున్న వంట అంటారు. పైన పిండి ఉబ్బెత్తుగా, గుండ్రాళ్లు పరిచిన బాటలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని ఒక వాదన. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో చెక్కగిన్నెను "కాబెలర్" అనేవారు, దాని నుంచి వచ్చిందని ఇంకో వాదన. నాకు రెండోదే ఇష్టం, ఎందుకో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారం కలిపి సర్వ అనే గిన్నెకు లోపల అద్దితే సర్వపిండి. అదే ఒక్కో చోట సర్వప్ప, గిన్నప్ప, తపేలచెక్క. పిండి ఒకటే, పాత్ర మారితే పేరు మారింది.

కరీంనగర్ సారు:
అయితే "పీచ్ గిన్నప్ప" అనేద్దామా?

గంజుగంటె:
వద్దు సారు. గిన్నప్ప అనగానే నాలుక కారానికి సిద్ధమైపోతుంది, తీపి తగిలితే కోపమొస్తుంది. పేరు వాళ్లదే ఉండనీ.

బతుకమ్మ చెల్లె:
మధ్యలో వస్తున్నా. ఇది మలీద లాంటిది కాదా? అందులోనూ పిండి, తీపి, నెయ్యే కదా.

గంజుగంటె:
కాదు చెల్లె. సద్దుల బతుకమ్మ మలీదకు రొట్టె ముందు కాలుస్తాం, తర్వాత నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతాం. నువ్వు చెప్పేదానికి కాస్త దగ్గరగా ఉండేది క్రంబుల్. అందులో పిండినీ వెన్ననూ వేళ్లతో నలిపి పండు మీద చల్లి, ఆ తర్వాత కాలుస్తారు. కాబ్లర్‌లో నలపడమే లేదు, పోయడమే.

జగిత్యాల తోట:
అక్కా, డబ్బా పండు కొనుడెందుకు? ఎండాకాలం మా దగ్గర మామిడికి కొదవ లేదు. పెట్టొచ్చా?

గంజుగంటె:
బేషుగ్గా పెట్టొచ్చు తమ్మీ. కానీ బంగినపల్లి తీసుకో, అదీ పూర్తిగా మగ్గనిది, వేలితో నొక్కితే కొంచెం గట్టిగా తగిలేది. ఇంకా మగ్గాల్సింది గిన్నెలో ఉంది కదా. ముక్కల మీద ఒక చెంచా నిమ్మరసం, చక్కెర ఇంకాస్త తక్కువ. రసాలు మాత్రం వద్దు, పిండంతా తడిసిపోతుంది, పంటి సందుల్లో నార ఇరుక్కుంటుంది.

పదాల సంచి:
అప్పుడు ఉకారంతోనే రాయొచ్చు, పీచు కాబ్లర్!

హన్మకొండ కోడలు:
నవ్వలేక చస్తున్నా. ఇంకో చిక్కు, మా ఇంట్లో ఓవెన్ లేదు. అత్తమ్మ కుక్కర్‌లో చేస్తానంటోంది.

గంజుగంటె:
చేయొచ్చు. అల్యూమినియం కుక్కర్ అయితే మంచిది. అడుగున రెండు కప్పుల దొడ్డుప్పు, దాని మీద స్టాండ్. నీళ్లు చుక్క కూడా వద్దు. గ్యాస్కెట్ తీసేయాలి, విజిల్ తీసేయాలి. మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కాక గిన్నెను లోపల స్టాండ్ మీద పెట్టి, మళ్లీ మూత పెట్టి సన్న మంట మీద 50 నిమిషాలు. గిన్నెలో సగానికి మించి పోయొద్దు. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ ఈ పిండి ఆ మాట వినదు, పొంగి ఉప్పులో పడుతుంది. పుల్ల గుచ్చి చూసేటప్పుడు పండు లేని చోట గుచ్చాలి. పండుకు గుచ్చితే ఎప్పుడూ తడిగానే వస్తుంది, అయిందో లేదో తెలీదు. దించాక పావుగంట ఆగి తినండి, లోపలి రసం చిక్కబడుతుంది. ఓవెన్‌లో వచ్చినంత ఎరుపు మాత్రం రాదు, ముందే చెబుతున్నా.

కరీంనగర్ సారు:
అంటే చివరికి మూత పెట్టించారు!

గంజుగంటె:
విజిల్ తీయించాను కద సారు. ఆవిరి ఆ బొక్కలోంచి పోతుంది.