జీఆర్‌ఈ పదాలకు అర్థాలు తెలుసు, వాక్యంలో పెట్టడం రావడం లేదు

అమెరికాలో ఎంఎస్ కోసం జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. లెక్కలతో ఇబ్బంది లేదు, ఇంగ్లిష్ భాషను పరీక్షించే వెర్బల్ విభాగం దగ్గరే ఆగిపోతున్నాను. ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచుకోమనే ప్రశ్నలున్నాయే, వాటితోనే నా బాధంతా. లకానిక్, టాసిటర్న్, రెటిసెంట్ మూడూ తక్కువ మాట్లాడటం గురించినవే అని తెలుసు. ఏది ఎక్కడ ఇముడుతుందో తెలియదు. రెండింటిలో ఒకటి తప్పినా మార్కు రాదు కదా! తెలిసిన మాటలైతే మరీ మోసం చేస్తున్నాయి. క్వాలిఫై అంటే అర్హత పొందడం అనుకుంటాను, అక్కడేమో అన్న మాటకు పరిమితి పెట్టడం. వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే పోయాయి కాబట్టి పాత జాబితాలు బట్టీ పట్టడం దండగనే నా నమ్మకం. తెలుగు మాధ్యమంలో చదివి వెర్బల్‌లో 155 దాటినవారు ఉంటే, రోజూ ఏం చదివారో, కొత్త పదాన్ని వాక్యంతో సహా ఎలా గుర్తుపెట్టుకున్నారో దయచేసి వివరంగా చెప్పండి.