యూరియా బస్తాకూ యుద్ధానికీ ఏం సంబంధం?

మిర్యాలగూడ రైతు: సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి. నాటేసి 25 రోజులైంది. తెల్లవారుజామున నాలుగింటికే పోయి చెప్పులు లైన్లో పెడితే మధ్యాహ్నానికి రెండు బస్తాలు దొరికాయి. అడిగితే ‘ఎక్కడో యుద్ధం’ అంటున్నారు. అక్కడ యుద్ధమైతే ఇక్కడ బస్తా ఎందుకాగుతుందన్నా?

పాత ఎరువుల కొట్టాయన: తమ్మీ, యూరియా తయారయ్యేది సహజ వాయువుతో. మన రామగుండం ఫ్యాక్టరీదీ అదే కథ. దేశానికి కావలసిన గ్యాస్‌లో దాదాపు సగం బయటి నుంచే వస్తుంది. ఖతార్ నుంచి గ్యాస్ తెచ్చే ఓడలు ఇరాన్ పక్కనుండే ఇరుకు సముద్ర దారి, హర్ముజ్ జలసంధి దాటి రావాలి. అటు యుద్ధమొస్తే ఆ గ్యాస్‌కు ఆటంకమే. 2021లో చైనా ఎరువుల ఎగుమతులు బిగించింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర మండిపోయింది. అయినా 45 కిలోల బస్తా మనకు 266 రూపాయల 50 పైసలే, మిగతాది సబ్సిడీ. అందుకే కొరత మనకు ధరలో కాదు, లైన్లో కనిపిస్తుంది.

దేవరకొండ పత్తి రైతు: అంతా యుద్ధం మీదికే తోయకండి. మా ఊళ్లో ఒకాయన యాసంగికి కూడా ఇప్పుడే బస్తాలు దాచిపెట్టుకున్నాడు.

మిర్యాలగూడ రైతు: మా బామ్మర్దీ అంతే. రాత్రికి పోయి రెండు బస్తాలు బదులు అడుగుతా, ఇస్తాడో లేదో.