అప్‌డేట్: ఉమ్రాలో రౌజా పర్మిట్, మా ఆవిడ మోకాళ్ల నొప్పి

ఉమ్రా (మక్కా యాత్ర)కు వెళ్లేముందు, రౌజాకు (మదీనాలో ప్రవక్త మసీదులోని పవిత్ర స్థలం) ఇద్దరం కలిసి వెళ్లొచ్చా, మోకాళ్ల నొప్పితో మా ఆవిడ సయీ (మక్కాలో సఫా, మర్వా గుట్టల మధ్య నడక) ఎలా చేయాలి అని ఇక్కడ అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చాం, అల్‌హమ్దులిల్లా. చెప్పినవాళ్లందరికీ షుక్రియా.

రౌజాలో ఆడవాళ్ల వేళలు వేరు, కలిసి కుదరదు. ఎవరి ఫోన్లో వాళ్లు నుసుక్ (రౌజా పర్మిట్ ఇచ్చే సౌదీ యాప్) ఖాతా తెరవమన్న సలహానే పనికొచ్చింది. ఖాళీల్లేవని చూపించినా విసుగుపడకుండా మళ్లీ మళ్లీ చూస్తే దొరికాయి. ఆమెకు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత, నాకు మధ్యాహ్నం.

సయీ ఏడు విడతలు కలిపి మూడు కిలోమీటర్ల పైనే. నడుస్తానని మొండికేసింది, రెండో విడతకే వీల్‌చైర్ అడిగింది!

మదీనా పక్కనున్న ఉహుద్ కొండ పొద్దున్నే చూశాం. అక్కడి ఖుబా మసీదుకు బసలోనే వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కోవడం) చేసుకుని బయల్దేరాం.

మదీనా నుంచి మక్కాకు వెళ్లే హరమైన్ రైలు టికెట్ల బెంగ మాత్రం దండగ. ఏజెంటు బస్సే పెట్టాడు, దారిలో మదీనా దగ్గరి జుల్ హులైఫాలో ఇహ్రాం (ఉమ్రా దీక్ష).