ముత్తవ్వ కాసులపేరు కరిగించకుండా బాగుచేసేవారు ఉన్నారా?

మాది విజయనగరం. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. 1915 ప్రాంతపు ఫొటోలో మా ముత్తవ్వలా బుట్టచేతుల రవిక, నాగరం, జడబిళ్లలు, కాసులపేరుతోనే పీటల మీద కూర్చుంటానని పట్టుబట్టింది.

ఆ కాసులపేరు ఇంట్లోనే ఉంది. కాసుకు ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కిన సెయింట్ జార్జి. మూడింటికి కొక్కేలు ఊడిపోయాయి. కంసాలేమో కరిగించి కొత్తది చేద్దామంటున్నాడు. ఒక్కొక్కటి దాదాపు 8 గ్రాముల 22 క్యారెట్ల సవరను (బ్రిటిషువారి బంగారు నాణెం), నాకు మనసొప్పడం లేదు. కాసుకు టంకం తగలకుండా చుట్టూ గూడు కట్టి బిగించే పనివారు ఇక్కడ గానీ శ్రీకాకుళంలో గానీ ఉన్నారా?

ఇంకొకటి. రవికకు పొందూరు ఖద్దరు అనుకుంటున్నాం. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన అంత సన్నటి బట్టలో బుట్ట ఉబ్బుగా నిలుస్తుందా, లోపల గట్టి గుడ్డ వేయాలా? కుట్టించినవారు చెప్పండి.