డస్సెనా, డాసెనా? యురేనియానికి ఒక తెలుగు మాట కోసం

దేవరకొండ సారు:
మనవరాలు నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. వ్యాసరచన పోటీకి యుద్ధాల్లో వాడే యురేనియం గుండ్ల వివాదం మీద రాసి, నాకు చూపించింది. వ్యాసం బాగుంది. కానీ ఇంగ్లీషు ‘డిప్లీటెడ్ యురేనియం’కు పేజీకి నాలుగుసార్లు ‘క్షీణించిన యురేనియం’ అని ఉంది. పేపర్లలో అదే వస్తోంది తాతా అంటుంది. నాకు ఆ మాట మింగుడు పడలేదు. క్షీణించిన అంటే మంచం పట్టిన మనిషి కళ్ళముందుకు వస్తాడు. అది ట్యాంకు ఉక్కును చీల్చుకుని పోయేది. అప్పటినుంచి పోతన గజేంద్రుడి పద్యంలో ‘తనువున్ డస్సెన్’, ఒళ్ళు అలసిపోయింది అన్నది, చెవిలో మోగుతోంది. ‘డస్సిన యురేనియం’ అంటే ఎలా ఉంటుంది? ఇంకో అనుమానం. అది డస్సెనా, డాసెనా? చిన్నప్పుడు మా ఊరి భాగవతులు ‘డాసెన్’ అన్నట్టు గుర్తు. పుస్తకం అటక మీద ఉంది, మోకాళ్ళు సహకరించవు.

పాలమూరు ఛందస్సు:
డస్సెనే సారు. డయ్యు ధాతువు. డయ్యు, డస్సి, డస్సె. వ్రయ్యు, వ్రస్సె లాగా. డాయు అంటే దగ్గరికి రావడం, దానికి డాసె. ‘తనువున్ డాసెన్’ అంటే ఒంటిని సమీపించెను అని అర్థం వస్తుంది. ఏది సమీపించినట్టు, మొసలా?

కోదాడ అక్క:
మా బళ్ళో కొందరు ‘దస్సెన్’ అని చదివేవాళ్ళు. అది కూడా తప్పేనా?

పాలమూరు ఛందస్సు:
తప్పే అక్కా. ఆ పద్యం శార్దూలం. అందులో యతి పదమూడో అక్షరం, పాదం మొదటి అక్షరంతో దానికి జత కుదరాలి. ఆ పాదం ‘ఠావుల్’ అని మొదలవుతుంది. ఠకు డ కుదురుతుంది, ద కుదరదు. యతి ఉన్నది ఇందుకే.

దేవరకొండ సారు:
ద సంగతి సరే. నా ప్రశ్న దీర్ఘం గురించి. డస్సెన్ రెండూ గురువులే, డాసెన్ రెండూ గురువులే. ఠాకు డా ఇంకా బాగా కుదురుతుంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు కదా!

పాలమూరు ఛందస్సు:
చెప్పదు, ఒప్పుకుంటా. అర్థమే చెప్పాలి. డాసెన్‌కు అక్కడ అర్థం లేదు. మీ భాగవతులది నోటి జారు.

మిర్యాలగూడ మిల్లు:
పద్యం పక్కన పెట్టి సరుకు చూడండి. తవ్వి తీసిన యురేనియంలో 235 రకం 0.7 శాతమే. రియాక్టరుకో బాంబుకో పనికొచ్చేది అదే. దాన్ని ఒకవైపు పోగుచేస్తే రెండోవైపు మిగిలేదాంట్లో 235 వాటా 0.2, 0.3 శాతానికి పడిపోతుంది. తక్కినదంతా 238. మా మిల్లు భాషలో చెప్పాలంటే బియ్యం పోగా మిగిలిన తవుడు. తవుడును ఎవరూ క్షీణించిన వడ్లు అనరు.

కోదాడ అక్క:
తవుడు తేలిక కదా తమ్ముడూ. ఇది సీసం కంటే 1.7 రెట్లు బరువట. వెన్న తీసిన సల్ల అంటే నయం. వెన్న పోయింది, సల్ల కుండ నిండుగానే ఉంది.

దేవరకొండ సారు:
‘వెన్న తీసిన’ అన్నారు చూడండి, అసలు గుట్టు అక్కడుంది. క్షీణించడం తనకు తానుగా జరిగేది. ఇక్కడ ఎవరో పనిగట్టుకుని తీశారు. తీసినవాడు మాటలో కనబడాలి. ఆ లెక్కన నా ‘డస్సిన’ కూడా తేలిపోతుంది, అదీ తనంతట తాను అలసిపోవడమే. అయినా ఆ మాట వదలబుద్ధి కావడం లేదు.

అచ్చంపేట అడవి:
డస్సిన వద్దే వద్దు సారు. మా అమ్మమ్మ ఎండలో దున్ని వచ్చిన ఎద్దును చూసి డస్సిపోయింది అనేది. కుడితి తాగి, చెట్టు కింద ఓ గంట నిలబడితే మళ్ళీ మామూలే. డస్సినది లేస్తుంది. యురేనియంలో నుంచి పోయిన 235 తిరిగి వస్తుందా?

పాలమూరు ఛందస్సు:
అచ్చంపేట అన్నకు జవాబు పద్యంలోనే ఉంది. ‘డస్సెన్ శ్రమంబయ్యెడిన్’. డస్సె అంటే అలసె అయితే, వెంటనే శ్రమ అవుతోంది అని మళ్ళీ ఎందుకు అంటాడు? పోతనకు మాటలు కరువా? అందుకే అక్కడ డస్సె అంటే శుష్కించె అని నా వాదం. పదేళ్ళుగా చెబుతున్నా, ఎవరూ ఖండించలేదు.

కోదాడ అక్క:
నేను ఖండిస్తున్నా. మొసలి కాలు పట్టుకుని ఉంది. మనిషయినా ఏనుగయినా ఆ బాధలో ఒకే మాట రెండుసార్లు అంటాడు. పైగా డస్సె అయిపోయినది, అయ్యెడిన్ ఇంకా జరుగుతున్నది. ఒళ్ళు అలసింది, ఆయాసం ఆగడం లేదు. ఇందులో పునరుక్తి ఎక్కడుంది? ఆ పద్యం గుక్క తిప్పుకోకుండా చదివి చూడండి, చిన్న చిన్న వాక్యాలు ఊపిరి అందనట్టే ఉంటాయి. పోతన పునరుక్తిని లెక్కపెట్టుకుంటూ రాయలేదు, ఏనుగు ఊపిరిని విన్నాడు.

మిర్యాలగూడ మిల్లు:
అక్క చెప్పాక ఇంక మాట్లాడేదేముంది! కానీ ‘లావొక్కింతయు లేదు’ దగ్గర మా వాడు నవ్వాడు, ఏనుగుకు లావు లేదా నాన్నా అని. లావు అంటే బలమని చెబితే నమ్మడు.

దేవరకొండ సారు:
నవ్వనీ. నేను ముప్పై ఏళ్ళు ఆ నవ్వు విన్నా. అది లేకపోతే పాఠం ముందుకు కదిలేది కాదు.

నల్లగొండ రసాయనం:
ఆలస్యంగా వచ్చాను. రెండు దిద్దుబాట్లు. ఒకటి, ట్యాంకు నుంచి పేల్చే గుండు అంటే గుండ్రటిది అనుకోకండి. అది సన్నటి పొడవాటి కడ్డీ, వెనక బాణానికి ఈకల్లాగా చిన్న రెక్కలుంటాయి. లోపల మందుగుండు ఉండదు, బరువూ వేగమే దాని దెబ్బ. రెండు, క్షీణించిన అంటే మొద్దుబారినట్టు అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. టంగ్‌స్టన్ కడ్డీ ఉక్కును తాకితే మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. యురేనియం కడ్డీ అంచులు ఊడిపోతూ, చెక్కిన పెన్సిల్లాగా మొన మళ్ళీ మళ్ళీ తేలుతుంది. రాలిన పొడి గాలికి అంటుకుని మండుతుంది. మిగిలే నల్లటి మసి మీదే వివాదమంతా.

కోదాడ అక్క:
వివాదం ఏమిటో కూడా చెప్పండి సారు, పిల్లలు చదువుతున్నారు.

నల్లగొండ రసాయనం:
సహజ యురేనియంతో పోలిస్తే దీని కిరణశక్తి సుమారు 60 శాతం. ఒంటి బయట ఉంటే పెద్ద భయం లేదు. పొడి పీల్చినా, నీళ్ళతో లోపలికి పోయినా వేరే కథ. అప్పుడు రేడియేషన్ కంటే ముందు భార లోహపు విషం, మూత్రపిండాల మీద దెబ్బ. 1991 గల్ఫ్ యుద్ధంలో దాదాపు 300 టన్నులు వాడారు. 1999లో కొసావోలో విమానాల నుంచి 31,000 దాకా గుండ్లు పేల్చారు, ఒక్కోదాంట్లో సుమారు 300 గ్రాముల యురేనియం. ఐరాస పర్యావరణ సంస్థ వెళ్ళి వెతికితే విస్తారంగా కాలుష్యం కనబడలేదు. కానీ బోస్నియాలో ఒకచోట తాగునీళ్ళలో స్వల్పంగా దొరికింది. ఇరాక్‌లోని బస్రా, ఫలూజాల్లో క్యాన్సర్లు, పుట్టుక లోపాలు పెరిగాయని అక్కడి డాక్టర్లు అంటారు. దానికి ఇదే కారణమని తేలలేదని సైన్యాలు అంటాయి. బెల్జియం 2007లోనే నిషేధ చట్టం చేసింది.

అచ్చంపేట అడవి:
ఈ పేచీ మాటలోనూ ఉంది. 2023 మార్చిలో ఉక్రెయిన్‌కు ఈ గుండ్లు ఇస్తామని బ్రిటన్ అనగానే, అవి అణు భాగమున్న ఆయుధాలని రష్యా అధ్యక్షుడు అన్నాడు. అణ్వాయుధాలతో వాటికి సంబంధమే లేదని బ్రిటన్ అంది. ఒకరు ‘యురేనియం’ అన్న మాటను ఒత్తి పలుకుతారు, ఇంకొకరు ముందున్న విశేషణాన్ని. మనం తెలుగులో ఆ విశేషణానికి ఏ మాట పెడితే ఆ పక్షం చేరినట్టే. క్షీణించిన అంటే బ్రిటన్ వైపు. మాకు 2019లో నల్లమలలో యురేనియం సర్వే అన్నప్పుడు ముందు ఏ విశేషణమూ లేదు, ఉత్త యురేనియమే. ఊళ్ళు లేచాయి, సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

మిర్యాలగూడ మిల్లు:
మీకంటే ముందు మా లంబాపూర్, పెద్దగట్టు. 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ, పక్కనే సాగర్ నీళ్ళు. కానీ అది గని గొడవ అన్నా. తవ్వేది సహజ యురేనియం. ఇక్కడ మాట్లాడేది చివరికి మిగిలిన దాని గురించి. రెండూ కలిపితే మనవరాలికి మార్కులు పోతాయి.

అచ్చంపేట అడవి:
కలపలేదు తమ్ముడూ. భయం ఏ మాటతో వస్తుందో చెప్పా.

పాలమూరు ఛందస్సు:
మధ్యేమార్గంగా ‘హృతసార యురేనియం’ అందాం. హృత అంటే తీసుకుపోబడిన. తీసినవాడూ కనబడతాడు, సమాసమూ శుద్ధం.

కోదాడ అక్క:
తెల్లారి పేపర్లో ‘హృదయసార’ అని అచ్చవుతుంది. యురేనియం మీద ప్రేమకవిత అనుకుంటారు.

దేవరకొండ సారు:
మనవరాలికి ఇదంతా చదివి వినిపించా. ‘235 తీసేసిన యురేనియం’ అని మొదటిసారి రాసి, తర్వాత ఉత్త ‘యురేనియం గుండ్లు’ అంటానంది. మొత్తం తీసెయ్యలేదుగా, కొంచెం మిగిలింది కదా అన్నాను. ‘చాలావరకు’ అని చేర్చింది. వాక్యం పొడుగైంది, అబద్ధం తగ్గింది. ఇక పక్కింటి అబ్బాయి అటక ఎక్కి పుస్తకం దించాడు. అచ్చులో డస్సెన్ అనే ఉంది. కానీ మా నాన్న పక్కన పెన్సిలుతో ఏదో దిద్దారు. స్స మీద గీత ఉంది, డ పక్కన దీర్ఘంలాంటిది ఉంది. పెన్సిలు మాసింది. ఫొటో పెడుతున్నా, ఎవరి కళ్ళు బాగుంటే వాళ్ళు చెప్పండి.

పాలమూరు ఛందస్సు:
అది దీర్ఘం కాదు సారు, పురుగు తిన్న చార.

కోదాడ అక్క:
నాకు దీర్ఘమే కనబడుతోంది. అది అలా ఉంచి, మీరు మొదట్లో వ్రస్సె అన్నారు. ఎక్కడుందో ఒక్క పాదం చూపించండి, తర్వాత పురుగు సంగతి చూద్దాం.